జుపాతి రేవుకు మెడిసిన్ పాఠాలు

బెలేం,
18 ఫిబ్రవరి 1991

అక్కా,

క్షేమంగా చేరాను. ఒర్మెజిందా అత్త రేవుకే వచ్చింది. నన్ను చూడగానే "మీ నాన్న ముక్కే వచ్చింది నీకు, పాపం" అంది. ఆ తర్వాత రొయ్యలు వేయించి పెట్టింది కాబట్టి క్షమించేశాను.

నువ్వు చెప్పిన కోచింగ్ సెంటర్ చూసొచ్చాను. ఒక్కో గదిలో నూట ఎనభై మంది. మాస్టారు మైకులో చెబుతాడు. గోడ నిండా పోయినేడు మెడిసిన్ సీట్లు వచ్చినవాళ్ళ ఫొటోలు. ఎన్నికలప్పుడు కూడా అంత పెద్ద ఫొటోలు నేను చూడలేదు.

ఇంకా చేరలేదు. కోప్పడకుండా విను. ఇక్కడ పబ్లిక్ లైబ్రరీ ఉంది, ఉదయం ఎనిమిదికి తీస్తారు, సాయంత్రం దాకా ఎవరూ లేవమనరు. అత్త పక్కింటావిడ కూతురు అక్కడే కూర్చుని సొంతంగా చదివి సీటు తెచ్చుకుందట. నువ్వు జ్వరాలవాళ్ళ మధ్య తిరిగి ఏళ్ళ తరబడి దాచిన డబ్బంతా ఆ మైకు మాస్టారి చేతిలో పోయడానికి నాకు మనసొప్పడం లేదు. నేనూ సొంతంగా చదవగలననే అనుకుంటున్నాను. ఏమంటావు?

నీ చెల్లెలు,
లిందా


జుపాతి,
25 ఫిబ్రవరి 1991

లిందా,

రేపే వెళ్ళి చేరు.

సొంతంగా చదవడం గురించి నాకు చెప్పకు. నేను రెండుసార్లు అలాగే చదివాను. ఇరవై ఏళ్ళప్పుడొకసారి, ఇరవై రెండప్పుడొకసారి. బడి పంతులమ్మగారి దగ్గర అడిగి తెచ్చుకున్న పుస్తకాలు, అవి ఆవిడ చదువుకున్ననాటివి. పరీక్ష హాల్లో పేపరు చేతికిచ్చారు. అందులో సగం మాటలు అప్పుడే మొదటిసారి చూశాను. జవాబు తప్పితే బాధ లేదు, లిందా. ప్రశ్న ఏం అడుగుతోందో తెలియకపోవడం ఉందే, అది సిగ్గు. ఏది కావాలో ఏది అక్కర్లేదో చెప్పే మనిషి లేకపోతే, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అన్నీ కావలసినవే అనిపిస్తాయి. ఏడాది అలాగే అయిపోతుంది.

ఈ రెండు నెలల్లో మన ఆరోగ్య కేంద్రానికి డాక్టర్ ఒక్కసారి వచ్చాడు. మూడు గంటలున్నాడు, అందులో గంట భోజనం. మిగతా రోజులన్నీ నేనే. నేను నర్సుకి సహాయకురాలిని మాత్రమేనని కాన్పుకొచ్చిన ఆడవాళ్ళకీ, పాము కరిచినవాళ్ళకీ ఎలా చెప్పను? మన ఇంటి నుంచి ఒక డాక్టర్ రావాలి. అది నువ్వే.

చదవడం అయిపోయిన పుస్తకాలు అత్త ఇంట్లో పెట్టకు, చెమ్మకి పాడవుతాయి. శుక్రవారం అదెమార్ పడవకిచ్చి పంపు. నేను రేకు డబ్బాలో దాచిపెడతాను.

అక్క,
జెనీల్దా


బెలేం,
12 ఏప్రిల్ 1991

అక్కా,

చేరి ఆరు వారాలయింది. ఇక్కడ ప్రతి శనివారం పరీక్ష. ఆ మార్కుల్ని బట్టి వచ్చే వారం ఎవరు ఏ వరసలో కూర్చోవాలో గోడకి అంటిస్తారు. ముందు వరసలో ఉన్నవాళ్ళు వెనక్కి తిరిగి చూడరు. నేను మూడో వరసలో ఉన్నాను, బెంగపడకు.

నువ్వన్నది నిజమే. ఏ పాఠం నుంచి ఎన్ని ప్రశ్నలొస్తాయో వీళ్ళకి కంఠతా వచ్చు. ఫిజిక్స్ మాస్టారు "ఇది ఆరేళ్ళుగా రాలేదు, వదిలెయ్యండి" అంటే నూట ఎనభై మంది ఒకేసారి పేజీ తిప్పుతారు. ఆ చప్పుడు నాకు భలే ఉంటుంది. అర్థం కానిది అడుగుదామంటే మాత్రం వీలు లేదు. చెయ్యెత్తినవాళ్ళని మైకు ఉన్నాయన చూడడు.

బయాలజీ ఒకటి, కెమిస్ట్రీ ఒకటి అయిపోయాయి. అదెమార్‌కి ఇచ్చాను. "ఇంత బరువేంటి తల్లీ, ఇటుకలా?" అన్నాడు.

లిందా


జుపాతి,
6 మే 1991

లిందా,

పుస్తకాలు అందాయి, తడవలేదు.

నువ్వు చదువుతున్నావో లేదో ఇక్కణ్ణుంచి నాకెలా తెలుస్తుంది? అందుకని ఉత్తరానికో ప్రశ్న పెడతాను. కెమిస్ట్రీలో మోల్ అని ఒకటుంది కదా, అదేమిటో నాకు అర్థమయ్యేటట్టు రాయి. ఇనుము ఒక మోల్, ఉప్పు ఒక మోల్ అంటారు, రెండింటి బరువూ వేరు. బరువు వేరయితే ఇక సమానమైంది ఏమిటి? పుస్తకం చూసి రాయకు. నాకు తెలుస్తుంది.

ఇంకొకటి, ఇది ప్రశ్న కాదు. నరంలోకి మంచినీళ్ళు ఎక్కించకూడదు, ఉప్పు కలిపిన సెలైనే ఎక్కించాలి అని నాకు నేర్పిన సిస్టరమ్మ చెప్పింది. ఎందుకని అడిగితే "చెప్పింది చెయ్" అంది. మంచినీళ్ళయితే రక్తకణాలు నీరు తాగి ఉబ్బి పగిలిపోతాయట. బయాలజీ పుస్తకం ఎండబెడుతుంటే కంటబడింది. పన్నెండేళ్ళు చేసిన పనికి కారణం ఇప్పుడు దొరికింది.

జెనీల్దా


బెలేం,
24 మే 1991

అక్కా,

మోల్ అంటే లెక్కపెట్టే మాట. అంతే. డజను అన్నట్టు. డజను కోడిగుడ్లు, డజను కొబ్బరికాయలు అంటే బరువు ఒకటేనా? కాదు కదా. పన్నెండు అన్నదొక్కటే సమానం. మోల్ కూడా అంతే, కాకపోతే కంటికి కనబడనివాటిని లెక్కపెట్టడానికి గనక ఆ డజను మహా పెద్దది.

నీ ప్రశ్న పట్టుకుని కోచింగ్ సెంటర్ మెట్ల మీద కూర్చుని, ఇది అక్కకెలా చెప్పాలా అని పైకే అనుకుంటూ ఉంటే పక్కనున్న అమ్మాయి "మళ్ళీ చెప్పు" అంది. చెప్పాను. ఇంకో ముగ్గురు ఆగారు. వాన మొదలైనా కదల్లేదు. ఆ రోజంతా నాకు ఆకలి వేయలేదు.

ఇంకా అడుగు. అన్నట్టు ఆ పుస్తకాన్ని ఎన్నిసార్లు ఎండబెడుతున్నావు?

లిందా


జుపాతి,
30 ఆగస్టు 1991

లిందా,

మూడు వారాలుగా రాయలేదు. రాయలేకపోయాను.

రొజిలేని గుర్తుంది కదా, మలుపులో ఇల్లు, పదకొండేళ్ళు, నడుం దాకా జుట్టు. వాళ్ళ నాన్నతో పడవలో బడికి వెళ్తూ, అడుగున చేరిన నీళ్ళు తోడడానికి వంగింది. ఇంజను నుంచి వెనక పంకాకి వెళ్ళే ఇరుసు మీద మూత లేదు. ఇక్కడ ఏ పడవకుంది గనక? జుట్టు చుట్టుకుంది. కనుబొమ్మల నుంచి మెడ దాకా నెత్తి చర్మం మొత్తం ఊడి వచ్చేసింది.

నా దగ్గరికి తెచ్చేసరికి ఏడవడం లేదు. "నర్సమ్మా, అమ్మకి చెప్పకు" అంది. సెలైన్‌లో తడిపిన గుడ్డలు చుట్టాను. నాడి అందీ అందనట్టుంది. సెలైన్ ఎక్కించాలంటే డాక్టర్ చెప్పాలి. వైర్‌లెస్‌లో పిలిచాను, పలికేవాళ్ళు లేరు. రెండోసారి పిలవలేదు. ఎక్కించేశాను. పట్టణం దాకా మూడు గంటలు, పడవలో బాటిల్ ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. అక్కడ విమానం ఎక్కించారు. బతికింది. బెలేంలోనే ఉంది, వీలైతే చూసిరా.

మొన్న ఆరోగ్యశాఖ నుంచి ఒకాయన వచ్చాడు. "పిల్ల బతికింది గనక సరిపోయింది. ఇంకోసారి నీ హద్దు దాటకు" అన్నాడు. "నేను హద్దు దాటకపోతే పిల్ల దాటిపోయేదండీ" అన్నాను. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ ఇరుసు నిమిషానికి పదిహేను వందలసార్లు తిరుగుతుంది. అంటే సెకనుకి ఇరవై అయిదు. కేక వేసే లోపలే అయిపోయింది. ఈ లెక్క ఎందుకు చేశానో తెలియదు.

జెనీల్దా


బెలేం,
13 సెప్టెంబర్ 1991

అక్కా,

రొజిలేనిని చూశాను. తొడ నుంచి చర్మం తీసి తలకి అతుకుతున్నారు. వార్డులో అందరికీ నీ గురించే చెబుతోంది, "మూడు గంటలు చెయ్యి దించలేదు" అని.

ఇక నీ సంగతి. నిమిషానికి ఇన్నిసార్లయితే సెకనుకి ఎన్నిసార్లు అన్న లెక్క ఫిజిక్స్ రెండో పుస్తకంలో ఉంది. అక్కడ గాలిమర, నీ దగ్గర పడవ. నువ్వు పుస్తకాలు డబ్బాలో దాచడం లేదు. చదువుతున్నావు. మే నెలలోనే అనుమానం వచ్చింది నాకు. పరీక్ష పెట్టేవాళ్ళు జవాబు తెలిసి అడుగుతారు, నువ్వు తెలియక అడిగావు. జులైలో అడిగిన బ్లడ్ గ్రూపుల ప్రశ్న అయితే, ఆ పాఠం వెనకున్న లెక్కలన్నీ చేసిన మనిషి తప్ప ఇంకెవరూ అడగలేరు.

ప్రవేశ పరీక్ష ఫారం ఇందులో పెట్టాను. ఒక ఫొటో, ఒక సంతకం చాలు. ముప్పై నాలుగేళ్ళు వచ్చాయి, ఇప్పుడెందుకని మాత్రం నాకు రాయకు. మా క్లాసులో నలభై ఒక్కేళ్ళ బ్యాంకు గుమాస్తా ఉన్నాడు. ముందు వరసలో కూర్చుంటాడు.

లిందా


జుపాతి,
30 సెప్టెంబర్ 1991

లిందా,

అవును, చదువుతున్నాను. మలేరియా పరీక్షకి గాజుపలక మీద రక్తం ఆరడానికి ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు. ఆ సేపట్లో ఒక పేజీ అవుతుంది. వానాకాలంలో జ్వరాలెక్కువ, పేజీలూ ఎక్కువే. మొదట్లో నీకు పనికొచ్చే ప్రశ్నలు వెతుకుదామనే తెరిచాను. ఆ తర్వాత నాకోసమే తెరిచాను. నీకు చెప్పడానికి సిగ్గేసింది. చెల్లెలి కంచంలోంచి తింటున్నట్టు అనిపించింది.

హద్దు అన్నాడే ఆ మనిషి, ఆ మాట నన్ను వదలడం లేదు. నాకు ఆ హద్దు అవతల నిలబడాలని ఉంది.

కానీ ఇద్దరం ఒకే సీటుకా? నీకు రావలసింది నేను లాక్కుంటే ఎలా? ఇంతకీ నువ్వింకా మూడో వరసలోనే ఉన్నావా? రాయడం మానేశావు.

ఫొటో, సంతకం పెట్టిన ఫారం పంపుతున్నాను. నీకు మనస్ఫూర్తిగా ఇష్టమైతేనే ఇవ్వు. లేకపోతే చించెయ్, నేనేమీ అనుకోను.

జెనీల్దా


బెలేం,
11 అక్టోబర్ 1991

అక్కా,

ఇచ్చేశాను. రసీదు ఇందులో ఉంది, పారేసుకోకు.

నీ వల్ల నా సీటు పోదు. నా వల్ల నీదీ పోదు. ఎందుకని అడగకు. వరస సంగతి కూడా పరీక్షలయ్యాకే చెబుతాను. అప్పటిదాకా ఫిజిక్స్ మూడో పుస్తకం వదలకు.

లిందా


జుపాతి,
9 ఫిబ్రవరి 1992

లిందాల్వా (ఇవాళ పూర్తి పేరే),

నిన్న మధ్యాహ్నం రేడియోలో లిస్టు చదివారు. మందుల గదిలో ఒక్కదాన్నే కూర్చుని విన్నాను. మెడిసిన్‌లో నా పేరు లేదు. అది నేను తట్టుకోగలను, అలవాటే. నీ పేరూ లేదు. ఇద్దరికీ రాలేదనుకుని, రేడియో ఆపే ఓపిక కూడా లేక, గాజుగుడ్డ మడతలు పెడుతూ కూర్చున్నాను. చాలాసేపటికి కెమిస్ట్రీ చదివారు. అందులో నీ పేరు, ఇంటిపేరుతో సహా.

పరీక్ష రాయడానికి నేను అక్కడికొచ్చిన రోజు "నాది వేరే బిల్డింగ్" అని చెయ్యూపి వెళ్ళిపోయావు. ఆ వెళ్ళిన తీరు ఇప్పుడు అర్థమైంది.

ఊరంతా కర్రపెండలం పిండి పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "మీ చెల్లెలికి సీటొచ్చింది, నర్సమ్మా" అని, ఆనవాయితీ ప్రకారం నా నెత్తిన పోశారు. నవ్వాను. ఏం చెయ్యను?

కెమిస్ట్రీ తక్కువదని నేననడం లేదు. నేను నిన్ను పంపింది మెడిసిన్ కోసం. మనసు మారితే ఒక్క ముక్క రాయకూడదా? ఏడాది పాటు నన్నెందుకు నమ్మించావు?

జెనీల్దా


బెలేం,
19 ఫిబ్రవరి 1992

అక్కా,

తిట్టావు, న్యాయమే. ఇప్పుడు అన్నీ రాస్తాను.

మూడో వరసలో నేనున్నది ఏప్రిల్‌లో ఒక్క వారం. జూన్ నుంచి చివరి వరసే, మైకు కూడా సరిగా వినబడని చోట. గట్టిగా పట్టుబట్టి చదివితే ముందుకు వచ్చేదాన్నేమో. కానీ నాకు ఆ పట్టు రాలేదు. రొజిలేనిని చూడ్డానికి వెళ్ళినప్పుడు కట్టు మారుస్తున్నారు. నేను తలుపు బయటికి వెళ్ళి నిలబడ్డాను. నువ్వయితే లోపలే ఉండేదానివి. ఇంటికి నడిచొస్తూ మొత్తం ఆలోచించుకున్నాను. మెట్ల మీద మోల్ గురించి చెప్పిన రోజు ఉన్నంత హాయిగా నేను ఆ ఏడాదిలో ఇంకెప్పుడూ లేను. పాఠం చెప్పాలి, అదే నా పని.

మరి నీకెందుకు చెప్పలేదంటావు. చెబితే "అయితే కోచింగ్ మానెయ్" అనేదానివి. మానేస్తే పుస్తకాలు ఆగిపోతాయి. నాక్కాదు, నీకు. అనుమానం వచ్చాక నేను ఆ చివరి వరసలో కూర్చున్నది వాటి కోసమే. మోసమే అనుకో. మళ్ళీ అలాంటి అవసరం వస్తే మళ్ళీ చేస్తాను.

యూనివర్సిటీకి వెళ్ళి నీ మార్కులు రాయించుకొచ్చాను. బయాలజీలో నిన్ను దాటినవాళ్ళు కొద్దిమందే. కెమిస్ట్రీ బాగుంది. ఫిజిక్స్ సగం. వ్యాసంలో ఘోరం. ఇంకాస్త అయితే వచ్చేసేది, అక్కా.

ఆ ఉద్యోగం వదిలేసి ఇక్కడికి వచ్చెయ్. ఈ ఏడాది ఆ క్లాసులో నువ్వు కూర్చో. నాకు ఒక బడిలో సాయంత్రం క్లాసులు ఇస్తామన్నారు, ఎలాగో జరుపుకుందాం.

లిందా


జుపాతి,
8 మార్చి 1992

లిందా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి ఏడుస్తూ, మూడోసారి నా మార్కుల కోసం. ఇంకా కాస్త కోపం ఉంది. ఉండనీ.

నేను రాను. నేను వెళ్తే ఈ కేంద్రానికి తాళం వేస్తారు. ఇంకొకర్ని పంపమని అర్జీ పెట్టాను, ఆ మనిషి వచ్చేదాకా కదలను. అదొక్కటే కాదు. మైకులో చెప్పే మాస్టారిని మధ్యలో ఆపి నేను ప్రశ్న అడగలేను. నిన్ను ఆపగలను. ఒకప్పుడు నేను చదివింది నిజంగా ఒంటరి చదువు. పోయినేడు చదివింది అది కాదు. అవతల నువ్వున్నావు. ఆ తేడా నాకు బాగా తెలిసింది.

కాబట్టి ఇలా చేద్దాం. ప్రతి శుక్రవారం అదెమార్ పడవలో ఒక ఫిజిక్స్ పేపరు, ఒక వ్యాసం అంశం పంపు. తిరుగు పడవకి నేను రాసి పంపుతాను. ఎర్ర సిరాతో దిద్దు. అక్క కదా అని ఒక్క అర మార్కు వేసినా ఊరుకోను. డిసెంబర్లో నా సెలవు నెల మొత్తం అక్కడికొచ్చి ఆ కోచింగ్ వాళ్ళ చివరి నెల క్లాసుల్లో కూర్చుంటాను. ఏది వదిలేయాలో చెప్పడం వాళ్ళకి వచ్చు అన్నావు కదా. అది మాత్రం నేర్చుకుంటాను.

మూడుసార్లు తప్పాను. నాలుగోసారి రాస్తాను. ఐదోది అక్కర్లేకుండా చూసుకుందాం.

జెనీల్దా


బెలేం,
14 ఆగస్టు 1992

అక్కా,

ఫిజిక్స్ పదికి ఎనిమిది. మార్చిలో నాలుగు. ఆ రెండూ ఎక్కడ పోయాయో పక్కన రాశాను. తొందరపడ్డావు, బయట ఎవరో పిలిచి ఉంటారు.

వ్యాసం మాత్రం నాకు నచ్చలేదు. నేనిచ్చింది ఒంటరితనం గురించి, ముప్పై లైన్లు. నువ్వు పదకొండు రాశావు. చదువుతుంటే "రోగి పరిస్థితి నిలకడగా ఉంది, సాయంత్రం జ్వరం తగ్గింది" అన్నట్టుంది. అది ఆరోగ్య కేంద్రం రిజిస్టర్ కాదు తల్లీ. దిద్దేవాళ్ళకి నువ్వెవరో తెలియదు. వైర్‌లెస్ పట్టుకుని పిలిస్తే అవతల ఎవరూ పలకని రోజు నీకెలా ఉందో రాయి. ఒంటరితనం నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

మళ్ళీ రాసి పంపు. ఇదే అంశం.

లిందా


జుపాతి,
12 ఫిబ్రవరి 1993

లిందా,

నీకు నాకంటే ముందే తెలిసి ఉంటుంది. ఇక్కడ ఎలా తెలిసిందో రాస్తాను.

బుధవారం ఉదయం నుంచి క్రెమీల్దా నొప్పులు పడుతోంది. మూడో కాన్పు, పిల్ల కాళ్ళు ముందుకొచ్చాయి. కొత్తగా వచ్చిన సహాయకురాలు, నీ వయసుదే, నా పక్కన నిలబడి గుడ్డలు అందిస్తోంది. క్రెమీల్దా మొగుడు ఓజియెల్ ఆ అరుపులు వినలేక వసారాలో రేడియో పెద్దగా పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజే లిస్టు చదువుతారన్నది నేను పూర్తిగా మర్చిపోయాను.

సగం పిల్ల బయటికొచ్చింది. భుజాలు రావాలి, ఆ తర్వాత తల. అప్పుడు తలుపు సందులోంచి ఓజియెల్, "నర్సమ్మా, రేడియోలో నీ పేరు..." అన్నాడు.

"వేడినీళ్ళు పట్రా."

"అది కాదు, నీ పేరే చదివారు, నేను..."

"ఓజియెల్. నీళ్ళు."

వెళ్ళాడు. తల వచ్చింది. నీలంగా ఉంది, వీపు రుద్దితే ఏడ్చింది. ఆడపిల్ల. మాయ పడేదాకా ఆగి, రక్తం ఆగిందని చూసి, అప్పుడు చేతులు కడుక్కున్నాను. కడుక్కుంటూనే ఓజియెల్‌ని పిలిచాను.

"ఏ పేరు విన్నావు? పూర్తిగా చెప్పు" అన్నాను. తుండుగుడ్డ చేత్తో పట్టుకుని బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు ఇంటిపేరుతో సహా చెప్పాడు.

"ఏ చదువు దగ్గర చదివారు?"

"అది వినలేదు నర్సమ్మా. నువ్వే కదా నీళ్ళకి పంపావు."

నేను రాసింది మెడిసిన్ ఒక్కదానికే. ఆ మాట నాకూ తెలుసు. అయినా ఆ క్షణాన నమ్మబుద్ధి కాలేదు. మంచం మీంచి క్రెమీల్దా, "మెడిసినే నర్సమ్మా. రేడియోవాడు లిస్టు మొదట్నుంచీ చదువుతుంటే నేను విన్నాను. నొప్పి కిందే గానీ చెవులు బాగానే ఉన్నాయి" అంది. అప్పుడు గడప మీద కూర్చుండిపోయాను. కొత్తపిల్ల, పాపం, నాకు నీళ్ళివ్వాలో బాలింతకివ్వాలో తెలియక గ్లాసు పట్టుకుని మధ్యలో నిలబడింది.

ఆరోగ్యశాఖ ఆయనకి రాజీనామా ఇచ్చాను. "ఇక్కడ ఎవరు చూస్తారు?" అన్నాడు. కొత్తపిల్లని చూపించాను. ఊపిరి ఆడని బిడ్డకి ఏం చెయ్యాలో, ఎప్పుడు సెలైన్ ఎక్కించాలో నాకు తెలిసిందంతా ఆమెకి ఒక నోటుపుస్తకంలో రాసిస్తున్నాను. ముప్పై లైన్లు దాటుతోంది, నీకు చూపిస్తే మెచ్చుకుంటావు.

మార్చి ఐదో తారీకు పడవకి వస్తున్నాను. పడుకునే ఊయల నేనే తెచ్చుకుంటాను. అత్తనడిగి గోడకి రెండు కొక్కేలు కొట్టించు. గట్టివి చూడు, నా చదువు ఆరేళ్ళూ ఆగాలి.

అక్క,
జెనీల్దా